దీవ్ దీవిలో మూడు రోజులు

ఎండలో మెరిసే తెల్లని గోడలు, వాటి వెనుక నీలి సముద్రం, ముందు వీపున సంచితో ఒక యువకుడు. మధ్యధరా సముద్రంలోని ఏదో ద్వీపం తాలూకు ఈ చిత్రాన్ని మా అబ్బాయి తన గది గోడకు అంటించుకొన్నాడు. 2022 వేసవిలో పన్నెండవ తరగతి పరీక్షలు ముగియగానే "నాన్నా, ఇటువంటి చోటికి పోదాం" అన్నాడు. గ్రీసు దేశానికి ఎల్.టి.సి. వర్తించదని సహోద్యోగ మిత్రులకు నేను వేరుగా చెప్పనక్కరలేదు!

దారి చూపినవారు మా ఇరుగుపొరుగువారే. మేము సూరత్‌లోని కతర్‌గామ్‌లో ఉంటున్నాము. వజ్రాలకు సానపట్టే పనివారు అక్కడ ఎక్కువ. వేసవి సెలవులకు వారు సౌరాష్ట్రలోని స్వగ్రామాలకు తరలిపోగా మా వీధిలో సగం ఇళ్ళకు తాళాలు పడతాయి. వారిలో ఊనా ప్రాంతీయుడొకరు "మా ఊరి పక్కనే దీవ్ ఉన్నది గదా" అన్నారు. మనం డయ్యూ అని వ్రాసేది ఆ దీవ్‌నే. మన దీవి, వారి దీవ్, రెండూ ద్వీప శబ్దం నుండి పుట్టినవే.

ఇద్దరం చెరొక సంచి వీపున వేసుకొని బయలుదేరాము. అబ్బాయి సంచిలో ఒక కాగితం కూడా ఉన్నది. అది నౌకాదళంలో ప్రవేశానికి దరఖాస్తు. తండ్రి సంతకం కోసం రెండు వారాలుగా అది నా బల్లపై పడి ఉన్నది. వాళ్ళమ్మకు ససేమిరా ఇష్టం లేదు. నాకు ఏమీ తోచలేదు.

2020 నవంబరులో హజీరా, ఘోఘాల మధ్య ఓడ సర్వీసు ప్రారంభమైనప్పటి నుండి, రోడ్డున సుమారు 370 కిలోమీటర్లు చుట్టి పోవలసిన దూరం సముద్రంపై 90 కిలోమీటర్లకు తగ్గింది. పిల్లాపాపలతో, మూటాముల్లెలతో మా వీధివారే ఓడలో సగం మంది కనిపించారు. ఖంభాత్ సింధుశాఖలో నీరు నీలం కాదు, బురద రంగు. అబ్బాయి ముఖం చిన్నబోయింది. ఘోఘా నుండి భావ్‌నగర్, మహువాల మీదుగా బస్సులు మారి ఊనా చేరేసరికి సాయంకాలమైంది. 2021 మే 17 రాత్రి తౌక్తే తుఫాను తీరం దాటినది ఈ ప్రాంతంలోనే. ఏడాది గడిచినా కూలిన చెట్ల మొదళ్ళు దారి పొడవునా కనిపించాయి.

ఘోఘ్‌లా వంతెన దాటగానే అబ్బాయి గోడమీది చిత్రం కళ్ళ ఎదుట నిలిచింది. తెల్లని సెయింట్ పాల్ చర్చి, ఇరుకు వీధులు, సముద్రంలోకి చొచ్చుకొని పోయిన కోట! ఆ పోలిక కేవలం కంటికి తోచినది కాదు. 1509 ఫిబ్రవరి 3న ఇక్కడి నీళ్ళలో పోర్చుగీసువారిని ఎదిరించిన ఈజిప్టు నౌకలు మధ్యధరా మీదుగా తెచ్చిన కలపతో కట్టినవి. మిరియాల వ్యాపారం చేజారుతుందన్న భయంతో వెనిస్ నగరం కూడా ఈజిప్టు వైపే మొగ్గింది. గెలుపు పోర్చుగీసువారిదైంది. 1535లో హుమాయూన్‌కు భయపడి గుజరాత్ సుల్తాను బహదూర్ షా వారికి కోట కట్టుకొనే అనుమతి ఇచ్చాడు. రెండేళ్ళకు ఆ మిత్రులతోనే తలపడి ఈ సముద్రంలోనే ప్రాణం విడిచాడు. 1538లోను, 1546లోను ముట్టడులు జరిగినా కోట లొంగలేదు. 1961 డిసెంబరులో గాని పోర్చుగీసు జెండా దిగలేదు.

రెండవ నాడు ఫుదమ్ మీదుగా నాగోవా తీరానికి నడిచాము. ఏడెనిమిది కిలోమీటర్లే గదా అని తేలికగా తలచాను. పది గంటలకే నీళ్ళు నిండుకొన్నాయి, నా మోకాలు మొరాయించింది. కొమ్మలు చీలి పెరిగే ఒక వింత తాటిచెట్టు కింద కూలబడ్డాము. స్థానికులు దానిని హోకా అంటారు. తాటిచెట్టుకు కొమ్మలుండడం నేను అంతకుముందు చూడలేదు. అబ్బాయి నా సంచి కూడా భుజాన వేసుకొని, దూరాన కనిపించిన ఇంటికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చాడు. ఆ ఇల్లాలు మజ్జిగ కూడా పంపింది.

మూడవ నాటి సాయంకాలం ఖుక్రీ స్మారకం వద్దకు వెళ్ళాము. 1971 డిసెంబరు 9 రాత్రి దీవ్‌కు దూరాన, నడిసముద్రంలో, పాకిస్తాన్ జలాంతర్గామి దాడికి ఐ.ఎన్.ఎస్. ఖుక్రీ మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు మరణించారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను విడువక దానితోనే మునిగాడు. గాజుపేటికలోని ఆ ఓడ నమూనాను అబ్బాయి చాలాసేపు చూశాడు. నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే కాదనేవాడినేమో. అక్కడి మెట్లమీదనే కూర్చుండి కాగితం తీయమన్నాను. గాలికి ఎగిరిపోకుండా వాడు రెండు చేతులా పట్టుకోగా సంతకం చేశాను.

కతర్‌గామ్ చేరిన తరువాత మా ఇంటావిడ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగవ నాడు వడ్డిస్తూ, "ఓడలో వాడికి వాంతులు కాలేదు గదా?" అని అడిగింది.