ఇసామియా బజారులో బడి జాడ

జనగామ చుట్టుపక్కల ఊళ్లలో బడి కథ అడిగితే పెద్దవాళ్లు ముందు దొరల గడి కథ ఎత్తుకుంటారు. విస్నూరు దేశ్‌ముఖ్ ఆగడాలు, వెట్టి, పాలకుర్తి ఐలమ్మ భూమి, 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపడం, ఇవన్నీ అయ్యాక గానీ చదువు మాట రాదు. అందులోనూ మాల, మాదిగ వాడల పిల్లల చదువు సంగతి మరీ ఆఖరున. కొమరయ్య నేలకొరగడానికి ముప్పై ఆరేళ్ల ముందే, ఇదే నిజాం రాజ్యంలో, అంటరానివాళ్లని ఊరు దూరం పెట్టినవాళ్లు తమ పిల్లలకు తామే బడులు పెట్టుకున్నారని చెబితే మా వైపు చాలామంది నమ్మరు. ఆ బడులు మొదలైన చోటు చూద్దామని సికింద్రాబాద్ రైలెక్కాను.

సికింద్రాబాద్‌లో మెట్రో పట్టుకుని సుల్తాన్ బజారులో దిగాను. కోఠి ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాల బేరాలు జోరుగా సాగుతున్నాయి. ఒక తల్లి కూతురి కోసం గైడు కొంటోంది. వెనక అట్ట ఊడిపోయిందని పది రూపాయలు తగ్గించమని పట్టుబడితే, కొట్టు కుర్రాడు అట్ట చదువుతారా అమ్మా అంటున్నాడు. అక్కణ్నుంచి చాదర్‌ఘాట్ వైపు నడిస్తే ఇసామియా బజారు. 1910లో భాగ్యరెడ్డి వర్మ తొలి బడులు పెట్టింది ఇక్కడా, లింగంపల్లిలోనూ. ఆనాటి బడి ఇదీ అని చూపించే బోర్డు నా కంటికి ఆనలేదు. ఆయన ఉద్యమం పేరు మోసే ఆది హిందూ భవన్ ఎటు అని అడిగితే మాత్రం దారి చెప్పారు. చరిత్ర తెలియకపోయినా అడ్రసు తెలుసు, అదీ మేలే.

భవన్ దగ్గర ఒక పెద్దాయన కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు.

"ఎవరు గావాలె బిడ్డా?"

"ఎవరూ వద్దు తాతా. భాగ్యరెడ్డి వర్మ పెట్టిన బడి చూద్దామని జనగామ నుంచి వచ్చిన."

ఆయన కళ్లద్దాలు తీసి నవ్వాడు. "ఆయన పెట్టినయి ఒకటా రెండా? ఏది జూస్తవు?"

నిజమే. 1930ల నడిమికల్లా ఆ బడులు ఇరవై ఆరయ్యాయి. సుమారు రెండున్నర వేల మంది పిల్లలు చదివారు. కచేరీ భాష ఉర్దూ అయిన రాజ్యంలో ఈ బడుల్లో చదువు తెలుగులో సాగింది. పెద్దాయన వాళ్ల నాయన అందులోనే అక్షరాలు దిద్దాడట. "పలక పగిలితె ముక్క మీదనే రాసిండట. కని దూరం కూసో అనే పంతులు మాత్రం ఆడ లేడట. మా నాయిన సచ్చిందాంక గదే చెప్పిండు. ఏం చదివిండో మర్చిపోయిండు, యాడ కూసున్నడో మర్వలే."

ఆ బడులు పెట్టినాయన కథ కొంచెం చెప్పాలి. 1888 మే 22న హైదరాబాదులో మాల కుటుంబంలో పుట్టాడు. పేరు మాదరి భాగయ్య. దోస్ శాంటోస్ అనే బారిస్టరు ఇంట పనికి కుదిరి, ఆ ఇంటి చలవతో చదువుకున్నాడు. పద్దెనిమిదేళ్లకే, 1906లో, జగన్ మిత్ర మండలి పెట్టాడు. చదువురాని వాడకు కరపత్రం పంచితే పొయ్యిలోకి పోతుంది గనుక మండలి హరికథలతో పని మొదలుపెట్టింది. కథ వినడానికి వచ్చినవాళ్లకే తాగుడు మానమని, ఆడపిల్లలను దేవుడి పేరున విడవొద్దని, పిల్లలను బడికి పంపమని చెప్పించాడు. 1911లో మండలి మన్య సంఘమైంది. 1913లో ఆర్యసమాజం వాళ్లు వర్మ అనే బిరుదు ఇచ్చారు. బిరుదు తీసుకున్నాడు గానీ వాళ్ల దారికే కట్టుబడి ఉండిపోలేదు. ఆ ఏడే బుద్ధ జయంతి జరిపాడు. అంబేద్కర్ నాగపూర్ బౌద్ధ దీక్షకు అది నలభై మూడేళ్ల ముందు మాట.

1917లో బెజవాడలో పంచమ మహాసభకు ఆయనే అధ్యక్షుడు. మేం పంచములం కాదు, ఈ నేలకు తొలి బిడ్డలం, ఆది ఆంధ్రులం అని సభ అక్కడే తేల్చి చెప్పింది. హైదరాబాదులో అదే ఆది హిందూ ఉద్యమమై, 1931 జనాభా లెక్కల్లోకి ఆ పేరెక్కింది. నన్ను జనగామ నుంచి ఇంత దూరం రప్పించిన సంగతి ఇదే. బడికి అక్షరాలు నేర్పడం ఒక పనైతే, నువ్వెవరివని పదిమంది నీకు చెప్పిన అబద్ధాన్ని చెరిపేయడం రెండో పని. వర్మ రెండూ ఒకే కప్పు కింద పెట్టాడు.

సముద్రాల అవతల అమెరికాలో నల్లజాతివాళ్లు కూడా ఈ లెక్కే వేశారు. కార్టర్ వుడ్సన్ అనే చరిత్రకారుడు 1926లో నీగ్రో చరిత్ర వారం మొదలుపెట్టాడు. మన పిల్లలకు తెల్లవాళ్ల బడి నేర్పుతున్నది తమను తాము తక్కువ చేసుకోవడమేనని 1933లో పుస్తకం రాశాడు. ఇక్కడ వర్మ బడులు నిండుగా నడుస్తున్న రోజులవి. న్యూయార్క్‌లో బడుల పెత్తనం కాలనీవాళ్లకే ఇవ్వాలని 1968లో పెద్ద గొడవ అయింది. అందులో ఉన్న టీచరు జితు వేయుసి తోటివాళ్లతో కలిసి 1970లో బ్రూక్లిన్‌లో ఉహురు ససా అనే సొంత బడి తెరిచాడు. ఆఫ్రికా చరిత్ర, స్వాహిలీ మాటలు, సొంత పండుగలు, అన్నీ పాఠాలే. 1972లో అలాంటి బడులు కొన్ని కలిసి ఒక సంఘం కట్టుకున్నాయి. ఓక్లాండ్‌లో బ్లాక్ పాంథర్ల బడి 1973 నుంచి నడిచింది. ఎరికా హగ్గిన్స్ దాని డైరెక్టరు. పిల్లలకు పొద్దున టిఫిను కూడా బడిలోనే. పార్టీ చితికిపోయాక, 1982లో అదీ మూతపడింది.

వర్మ బడులు మూతపడలేదు, చేతులు మారాయి. రాయ్ బాలముకుంద్ వంటి న్యాయమూర్తులు, కేశవరావు కోరట్కర్, వామన్ నాయక్ వంటి పెద్దలు అండగా నిలిచినా, ఇరవై ఆరు బడులు చందాల మీద ఎంతకాలమని నడుస్తాయి? చివరకు నిజాం ప్రభుత్వం వాటిని తీసుకుంది. కొందరు దీన్ని ఓటమిగా రాస్తారు. నేనలా అనుకోను. జీతాలివ్వలేని స్వతంత్రం పంతులు పిల్లల కడుపు నింపదు. సర్కారును బలవంతం చేసి మరీ ఆ భారం ఎత్తించడం గెలుపే. పోయిందల్లా రెండో పని. హాజరుపట్టీ సర్కారుకు చేరింది గానీ ఆది హిందువు కథ సిలబస్‌లోకి ఎక్కలేదు. ఇంకో లోటు కూడా ఉంది. ఆ బడులు ఎక్కువగా నగరంలోనే నడిచాయి. మా జనగామ పల్లెల్లో వెట్టి చేసేవాడి కొడుక్కి వాటి గాలి కూడా తగల్లేదు. ఆ వెట్టి బతుకు వర్మకు తెలియక కాదు, 'వెట్టి మాదిగ' పేరున కథే రాశాడు.

వర్మ 1939 ఫిబ్రవరి 18న పోయాడు. ఏటా మే 22న రాష్ట్ర ప్రభుత్వం ఆయన జయంతి జరుపుతోంది. ఆ రోజు రాష్ట్రమంతా బడులకు ఎండాకాలం సెలవులు. ఇరవై ఆరు బడులు పెట్టినాయనకు దండ వేసే రోజున ఒక్క బడిలోనూ ఒక్క పిల్లవాడుండడు! మంత్రులు, అధికారులు మాత్రం ఉంటారు.

లేచేటప్పుడు పెద్దాయనను అడిగాను, ఆనాటి రిజిస్టర్లు, ఫొటోలు ఎవరి దగ్గరన్నా ఉన్నాయా అని. "ఉంటయి బిడ్డా. ఎవరి సందూకుల ఉన్నయో ఎవరికెరుక?" అన్నాడు.

చదువుతున్నవాళ్లకు నా మనవి. మీ తాతలో, ముత్తాతలో హైదరాబాదు, సికింద్రాబాదు ఆది హిందూ బడుల్లో చదివి ఉంటే ఇంట్లో ఆరా తీయండి. సర్టిఫికెట్టు ముక్కయినా, మాసిపోయిన గ్రూప్ ఫొటో అయినా పారేయకండి. తార్నాకలో రాష్ట్ర అభిలేఖాలయం ఉంది, ఒక నకలు అక్కడ ఇవ్వండి. సాంఘికశాస్త్రం చెప్పే టీచర్లు మే 22 కోసం ఆగకుండా జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే ఆయన పాఠం చెప్పండి.