కాలము మించిన చదువు

ఇంగ్లీషు భాషలో 'ఆప్సిమాత్' అను మాట యొకటి కలదు. పెద్ద నిఘంటువులలో దప్ప నది సాధారణముగా కానరాదు. వయసు మీరిన పిమ్మట చదువ నారంభించిన వ్యక్తి యని దాని యర్థము. ఈ మాట మాకు పరిచయమైన విధము మా తప్పొకదానితో ముడిపడి యున్నది. కావున సోదరీమణులు మన్నింతురను ధైర్యముతో ఆ తప్పును ముందు చెప్పుకొనెదము.

మా యత్తగారికి అరువదిరెండేండ్లు. చిన్నతనమున తమ్ములను, చెల్లెండ్రను ఎత్తుకొని తిరుగుటతోడనే వారి బడి యీడు గడచిపోయినది. ప్రతి సాయంకాలము మేము పోతనగారి భాగవతము చదువుచుండ వినుట వారికి వాడుక. మేము పుట్టింటికి పోయిన దినములలో ఆ గ్రంథము మూసియే యుండెడిది. ఒకనాడు వారు మమ్ము దగ్గరకు బిలిచి, "బిడ్డా, నాకు గూడ నాలుగక్షరాలు నేర్పు. నువ్వు ఊళ్ళె లేనినాడు నా అంతట నేనే చదువుకుంట" అనిరి. మాకెంతయో సంతోషమాయెను. పలక, బలపము తెప్పించితిమి. రెండు నెలలలో గుణింతములు దాటి చిన్న వాక్యములకు వచ్చిరి.

ఆ దినమున పాఠములో 'పెద్దల మాట వినవలెను' అని యుండెను. మకార యకారములు రెండును చూపునకు దగ్గరివి గదా! అత్తగారు వ్రేలు పెట్టి కూడబలుకుకొనుచు 'పెద్దల యాట వినవలెను' అని చదివిరి. మా తెలంగాణమున యాట యనగా మేక. ప్రక్కనున్న మా చిన్నవాడు పకపక నవ్వెను. వానిని మందలింపవలసిన మేమును నవ్వాపుకొనలేకపోతిమి. అత్తగారు మారు పలుకక పలకను గూటిలో బెట్టి వంటింటిలోనికి పోయిరి. పది దినములు దానిని ముట్టలేదు. అడిగినచో "ఈ వయసుల నాకెందుకు బిడ్డా" అనెడివారు.

మా వారు బడిపంతులు. సంగతి విని, "మా అమ్మ వంటివారికి ఇంగ్లీషులో నొక పేరున్నది, చూడు" అని నిఘంటువు విప్పి ఈ మాటను జూపిరి. చిన్ననాడు తండ్రిగారి యొద్ద వ్యాకరణము చదివిన మాకు ధాతువు చూడనిదే మనసూరుకొనదు. గ్రీకు భాషలో 'ఆప్సె' యనగా ఆలస్యముగా నని, 'మాంథనీన్' అనగా నేర్చుట యని యర్థమట. గణితమునకు 'మాథమాటిక్సు' అను పేరును, బహువిద్యలు నేర్చినవానికి 'పాలీమాత్' అను పేరును వచ్చినది యీ ధాతువు నుండియే.

ఇంత మంచి ధాతువున బుట్టియు ఈ మాట పూర్వము నిందగానే బ్రదికినది. అరిస్టాటిలు శిష్యుడగు థియోఫ్రాస్టసు క్రీ. పూ. 4వ శతాబ్దిలో మానవ స్వభావములను 30 చిన్న చిత్రములుగా వ్రాసెను. అందొకటి ఆలస్యముగా నేర్చువానిది. అరువదేండ్లవాడు పద్యభాగములను వల్లించి, విందులో చదువబోయి మరచిపోవును. కుడి యెడమల తిరుగు సైనికుల కవాతును కుమారుని యొద్ద నేర్చుకొనును. ఎరువు తెచ్చిన గుర్రముపై స్వారి యభ్యసింపబోయి క్రిందపడి తల పగులగొట్టుకొనును. 17వ శతాబ్దిలో ఇంగ్లాండునందు జాన్ హేల్సు అను మతపండితుడును, ఆలస్యముగా చదువుటను పూర్వులు దోషముగా నెంచిరనియే వ్రాసెను. మనలోను 'మొక్కై వంగనిది మ్రానై వంగునా' యని లేదా?

అయినను ఇచ్చట నొక్క విషయము విచారింపవలసి యున్నది. ఆ గ్రీకు పురుషునికి బాల్యమున గురువులును, వ్యాయామశాలలును ఉండెను. ఏథెన్సు నగరమున ఆ బడులు బాలురవే. బాలికలకు ప్రవేశము లేదు. తనకు వచ్చిన వంతును పోగొట్టుకొని, ముదిమిలో పదుగురి మెప్పునకై ప్రాకులాడువానిని జూచి నవ్విన నవ్వవచ్చును. అసలు వంతే రానివారిని జూచి నవ్వుట యేమి న్యాయము? మొక్కగా నున్ననాడు చేరదీసి వంచువారు లేకపోయినచో అది మ్రాను తప్పగునా?

వంగదేశమున రాససుందరీదేవి యను నిల్లాలు ఇరువదియైదేండ్ల ప్రాయమున రహస్యముగా చదువ నేర్చెను. చైతన్య భాగవతము నుండి యొక పత్రమును దాచి, కుమారుడు వ్రాసిన తాటియాకుతో అక్షరములను సరిపోల్చుకొనుచు, వంటింటి పనుల నడుమ నేర్చిన చదువది. ఆమె స్వీయచరిత్ర 1876లో వెలువడినది. మన నెల్లూరు మండలమున 1991 ప్రాంతమున అక్షరాస్యతా కేంద్రములకు వచ్చిన పల్లెపడుచులు, వాచకములో సారా వలన చెడిన సంసారము కథ చదివి తమ బ్రదుకులను గూర్చి మాటలాడుకొనిరి. దూబగుంట స్త్రీలు తమ యూరి సారా దుకాణమును మూయించిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపింపగా, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషిద్ధమాయెను. వీరందరును ఆలస్యముగా నేర్చినవారే. వీరి చదువు విందులలో వల్లించుటకు గాదు.

ఈ యాలోచనతో మా నవ్వు మాకే ముల్లైనది. ఆ రాత్రి అత్తగారి మంచము చెంత గూర్చుండి, తప్పు మన్నింపుడని వేడితిమి. ఈ మాటను, గ్రీకు ముసలివాని కథను, దూబగుంట సంగతిని వినిపించితిమి. వారు చాలసేపు మౌనముగా నుండి, "గుర్రం మీదికెళ్ళి పడ్డడు గదా, ఆయన మళ్ళ ఎక్కిండా?" అని యడిగిరి.

గ్రంథకర్త ఆ సంగతి చెప్పలేదంటిమి.

"ఎక్కే ఉంటడు. ఆ పలక ఇటు తియ్యి" అనిరి.

ఇప్పుడు అత్తగారు దినమున కొక పద్యము కూడబలుకుకొనుచున్నారు. మకార యకారములు నేటికిని అప్పుడప్పుడు తారుమారగుచున్నవి. అట్లయిననాడు ముందుగా నవ్వువారు అత్తగారే; వారు నవ్విన పిమ్మటనే మేము నవ్వుదుము.