ఆముదపు వాసన

ఆదివారములందు నార్సింగిలోని మా యింట ఆముదపు వాసన వేయును. చంటిపిల్లలకు తలంటుచున్నామని సోదరీమణులు తలంతురు కాబోలు! అది మా చిన్నవాని బొమ్మవిమానపు టింజను వాసన. మేము వాడు ఇంధనములో మిథనాలు, నైట్రోమీథేను, ఆముదము కలిసియుండును. మిథనాలు విషము గనుక సీసాను తాళములో నుంతుము.

1947లో అమెరికాలో రే ఆర్డెన్ అనునతడు అమ్మకమునకు తెచ్చిన ప్లగ్గులో సన్నని ప్లాటినపు తీగ కలదు. మొదట బ్యాటరీతో దానిని ఎఱ్ఱగా కాల్తుము. ఇంజను తిరుగనారంభించినపిమ్మట బ్యాటరీ తీసివేసినను, మిథనాలు ఆవిరి సోకి ఆ తీగ ఎఱ్ఱగనే యుండును.

సూదిమరను బిగించినకొలది ఇంధనము తగ్గి, కొంతవఱకు వేగము హెచ్చును. మొన్న మేమే పంతముపట్టి, వాడు వలదన్నను, మిక్కిలి హెచ్చుగా కూయువఱకు బిగించితిమి. బయట మైదానమున విమానము ముక్కెత్తి లేచినదో లేదో, ఇంజను ఆగి ముండ్లకంపపై కూలినది. రెండు నెలలు శ్రమించి వాడు చేసిన రెక్క విఱిగెను. వాడు మమ్ము పల్లెత్తు మాట యనలేదు. అదియే మాకు మఱింత బాధ.

ముక్కెత్తినపుడు ఇంధనమును పైకి లాగుట కష్టమై, ఉన్నదియు చాలదట. ఇంధనముతోడనే ఆముదమును వచ్చును గనుక, అది తగ్గిన లోపలి భాగములు వేడెక్కి అఱుగును. తోకవెంట సన్నని పొగ కనబడుచుండవలెను.

నిన్న వాడు మరను మరల మా చేతికే యిచ్చి, "ఒక్క రవ్వ వదులు, అమ్మా" అనెను. క్రొత్త రెక్కకు కాగిత మంటించుట మా వంతు.