చంకలో బిళ్ళలు, గడ్డలు

‘బిళ్ళ కట్టింది’ అనే మాట తెలుగువారికి వైద్యులు నేర్పినది కాదు. కాలిలో ముల్లు దిగి చీము పడితే గజ్జలో బిళ్ళ కడుతుందనీ, చేతికి గోరుచుట్టు లేస్తే చంకలో కడుతుందనీ చదువురాని పెద్దలకు కూడ తెలుసు. గడ్డ ఒకచోట, దాని కారణం మరొకచోట ఉండవచ్చుననే శరీరశాస్త్ర సత్యం ఆ వాడుకలోనే ఇమిడి ఉంది. అయినా సొంత చంకలో గడ్డ తగిలినప్పుడు చాలామంది ఆ గడ్డనే నొక్కి చూస్తారు గాని, చేతివైపు, రొమ్మువైపు దృష్టి పెట్టరు.

ఒక్కొక్క చంకలో ఇరవై నుంచి ముప్పై వరకు లింఫు గ్రంథులు కొవ్వులో ఒదిగి ఉంటాయి. ఆ వైపు చేయి, రొమ్ములో అధికభాగం, నాభికి పైనున్న ఛాతీ, వీపు చర్మం, వీటన్నిటి నుంచి వచ్చే లింఫు ద్రవం ఆ గ్రంథులలో వడపోతకు గురి అవుతుంది. సూక్ష్మజీవులు వచ్చినా, క్యాన్సర్ కణాలు వచ్చినా ముందు అవి అక్కడే చిక్కుకుంటాయి. గ్రంథి ఉబ్బుతుంది.

ఆదివారాలు ఆబిడ్స్ కాలిబాటపై పాతపుస్తకాలు అమ్మే ఒక పరిచయస్థుడు ఒకసారి చంక పట్టుకుని, “డాక్టర్ సాబ్, బిళ్ళ కట్టింది, జ్వరంగా ఉంది” అన్నాడు. చేయి చాపమన్నాను. పుస్తకాల కట్టకున్న ఇనుపతీగ గుచ్చుకుని చూపుడువేలు వాచి ఉంది. వేలిలో చీము తీయించి, ధనుర్వాతపు సూది వేయించి, వారం రోజులు యాంటిబయాటిక్ వాడితే వేలు మానింది. బిళ్ళ మరికొన్ని వారాలకు కరిగింది. నొప్పితో, వేడితో, నాలుగు రోజులలో లేచిన బిళ్ళలు చాలావరకు ఇటువంటివే.

చంక చర్మంలోనే పుట్టే గడ్డలు వేరు. సెగగడ్డలు, మెత్తగా కదిలే కొవ్వుగడ్డలు, చర్మతిత్తులు తరచు చూస్తాం. కొందరు స్త్రీలకు చంకలో రొమ్ము కణజాలం కొంత అదనంగా ఉండి, గర్భం దాల్చినప్పుడు, కాన్పు తరువాత ఉబ్బుతుంది. దానికి సాధారణంగా శస్త్రచికిత్స అవసరం ఉండదు. సెగగడ్డలు రెండు చంకలలోను మళ్ళీ మళ్ళీ వచ్చి, చర్మం కింద సొరంగాలు కట్టి, మచ్చలు పడుతూంటే ‘హైడ్రడినైటిస్’ అనే దీర్ఘవ్యాధిని అనుమానించాలి. అది అపరిశుభ్రత వలన వచ్చేది కాదు. ఆ మాట స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే దీనితో బాధపడే యువతీయువకులు సిగ్గుతో సంవత్సరాలు దాచుకుంటారు. పొగాకు మానడం, బరువు తగ్గడం, చర్మవైద్యులు సూచించే మందులు, అవసరమైతే శస్త్రచికిత్స ఉపకరిస్తాయి.

పుట్టగానే ఎడమ భుజానికి బి.సి.జి. టీకా వేస్తారు గనుక, కొన్ని నెలల తరువాత కొందరు పసిపిల్లలకు ఎడమ చంకలో బిళ్ళ కనిపిస్తుంది. బిడ్డ పాలు తాగుతూ, బరువు పెరుగుతూ ఉంటే వైద్యులకు చూపించి వేచి ఉంటే చాలు, అధికశాతం దానంతట అదే తగ్గుతుంది. అది మెత్తబడితే సూదితో చీము లాగుతారు, కత్తితో కోయరు. 2021లో కోవిడ్ టీకాల తరువాత పెద్దలకు కూడ ఇలాగే చంకలో బిళ్ళలు వచ్చి కొద్దివారాలలో పోయాయి.

మన దేశంలో క్షయను మరువరాదు. నెలల తరబడి నెమ్మదిగా పెరిగి, ఒకదానికొకటి అతుక్కుని, వేడి లేకుండా చీము పట్టే గ్రంథులు క్షయవి కావచ్చు. వాటిని సెగగడ్డలనుకుని కోస్తే పుండు మానక రసి కారుతూ ఉంటుంది. సూదితో కణాలు తీసి పరీక్షించి నిర్ధారణ చేసుకున్నాక సాధారణంగా ఆరు నెలలు మందులు వాడాలి. ప్రభుత్వం వాటిని ఉచితంగా ఇస్తుంది. రబ్బరులా సాగే గ్రంథులు మెడలోను, చంకలలోను, గజ్జలలోను కనిపించి, రాత్రి చెమటలు, జ్వరం, బరువు తగ్గడం తోడైతే లింఫోమా గురించి ఆలోచించాలి. అప్పుడు సూదిపరీక్ష చాలదు, ఒక గ్రంథినైనా పూర్తిగా తీసి పరీక్షకు పంపడం మేలు. అంతకుముందే స్టీరాయిడ్లు మింగితే గడ్డలు తాత్కాలికంగా కరిగి వ్యాధి నిర్ధారణ కష్టమౌతుంది.

నాంపల్లిలో కుట్టుపని చేసుకునే యాభై ఏళ్ళ ఆమెకు కుడిచంకలో శనగగింజంత బిళ్ళ ఏడు నెలలలో నిమ్మకాయంత అయింది. పసుపు పూసింది, సున్నం బెల్లం పట్టు వేసింది. “నొస్తలేదు గద సార్, అందుకే ఊకున్న” అంది. నొప్పి లేకపోవడమే నన్ను కలవరపెట్టింది. గడ్డ గట్టిగా, కదలకుండా ఉంది. రొమ్ము పైభాగంలో మరో చిన్న గడ్డ ఉందని ఆమెకు తెలియనే తెలియదు. రొమ్ము చూపించడానికి సంకోచిస్తే కోడలిని లోపలికి పిలిచాం. మామోగ్రాం, అల్ట్రాసౌండ్, సూదిపరీక్షలలో రొమ్ము క్యాన్సర్ చంకకు పాకిందని తేలింది. ముందు కీమోథెరపీ, తరువాత శస్త్రచికిత్స, రేడియేషన్, ఆపైన ఏళ్ళ తరబడి రోజుకొక మాత్ర. చంకలోని గ్రంథులు తీసివేయడంతో ఆ చేయి వాస్తూంటుంది. బిగుతైన తొడుగు వేసుకుని ఇప్పటికీ మిషను తొక్కుతున్నది. బిళ్ళ చేతికి తగలకముందే వ్యాధిని కనిపెట్టగలిగితే రంగు ద్రవం ఎక్కించి మొదటి రెండు మూడు గ్రంథులను మాత్రమే తీసి చూసే వీలుంటుంది, చేతివాపు బెడద చాలా తగ్గుతుంది. రొమ్ము క్యాన్సర్ పురుషులకు అరుదు, కాని రాదని అనుకోవద్దు.

పరీక్షించుకునేటప్పుడు చేయి పైకెత్తితే కండరాలు బిగిసి గ్రంథులు దొరకవు. మోచేతిని బల్లమీద ఆనించి, చేయి వదులు చేసి, రెండవ చేతి వేళ్ళతో చంక లోతు వరకు తడిమి ఛాతీ గోడకు అదుముతూ కిందికి రావాలి. గట్టిగా ఉన్నా, పెరుగుతున్నా, నాలుగు వారాలు దాటినా, రొమ్ములో మార్పు కనిపించినా వైద్యులను కలవాలి.

ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతాల వారికి ఇందుకు దూరం పోనక్కరలేదు. 1955లో ఆరంభమై మెహదీ నవాజ్ జంగ్ పేరు ధరించిన క్యాన్సర్ ఆసుపత్రి రెడ్‌హిల్స్‌లోనే ఉంది. జిల్లాల వారు నాంపల్లి స్టేషనులో దిగితే ఆటోలో కొద్ది నిమిషాలు. వెళ్ళేటప్పుడు పాత స్కానింగులు, రిపోర్టులతో పాటు, ఎక్కడైనా ముక్కపరీక్ష జరిగి ఉంటే ఆ ల్యాబులో అడిగి గాజుపలకలు, మైనపు దిమ్మలు కూడ తీసుకువెళ్ళండి. అవి ఉంటే పరీక్ష మళ్ళీ చేయవలసిన అవసరం చాలాసార్లు తప్పుతుంది.