పర్చూరు దారిన వాడరేవుకి

గుంటూరు నుంచి చీరాల వాడరేవుకి పోయేవాళ్లు ఎక్కువగా పొన్నూరు, బాపట్ల మీదుగా పోతారు. కాలవలు, వరిచేలు, తాటిచెట్లు, కంటికి చల్లని దారి అది. నేను మాత్రం ప్రత్తిపాడు, పెదనందిపాడు, పర్చూరు మీదుగా పోదామంటాను. తినబోయేది చేపల పులుసు. అందులో చేప సముద్రానిది, కారం ఈ నల్లరేగడిది. ఆ కారం పండే నేలని చూసుకుంటూ పోతే రాత్రి ముద్ద రుచే వేరు. కారు నడిపే నా స్నేహితుడికి, అదే మా వాడికీ, ఈ మాట మీద గురి కుదిరినట్టుంది. నేను అడక్కుండానే కారు ప్రత్తిపాడు వైపు తిప్పాడు.

ఏప్రిల్ మొదటి వారం. అయిదు దాటినా ఎండ చురుక్కుమంటూనే ఉంది. గుంటూరు పొలిమేర దాటకముందే ముక్కుకి ఘాటెక్కింది. మిర్చి యార్డుకి టిక్కీలు, అంటే మిరప బస్తాలు, వేసుకుని ట్రాక్టర్లు ఎదురొస్తున్నాయి. అద్దాలు మూసినా తుమ్ములు ఆగవు.

ప్రత్తిపాడు దాటాక రోడ్డు పక్క ఒక కళ్లం దగ్గర ఆగాం. పత్తి తీతలు ఎప్పుడో అయిపోయాయి, మోళ్లు పీకి కుప్పలేశారు. మిరప మాత్రం ఇంకా ఆఖరు కోతల్లో ఉంది. కళ్లం నిండా పట్టాలు పరిచి కాయ ఎండబోశారు. అంచున ఆడవాళ్లు కూర్చుని తాలు ఏరుతున్నారు. రంగు పోయి తెల్లబారిన కాయని తాలు అంటారు. అది కలిస్తే యార్డులో రేటు పడిపోతుంది. ఒక పెద్దామె చేతుల్ని చూస్తూ నిలబడిపోయాను. నా చూపు కాయ మీద ఆనేలోపే ఆమె వేళ్లు తాలుని పక్కకి విసిరేస్తున్నాయి.

"ఇదేం రకమమ్మా?"

"తేజా అయ్యా. కారానికి ఇదే. రంగు కావాలంటే బాడిగ" అంటూ ఒక కాయ నా చేతిలో పెట్టింది. ఊపి చూడమంది. లోపల గింజలు గలగలలాడాయి. అలా మోగితే ఎండినట్టు లెక్క. తడి మిగిలి బస్తాకెక్కితే బూజు పడుతుంది. ఆ బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం పుట్టిందంటే బయటి దేశాలు సరుకుని వెనక్కి పంపేస్తాయి. చైనా దాకా పోయే తేజా బేరం మొదట ఈమె చెవి దగ్గర తేలాలి. రోజుకూలికి వచ్చే ఆ చెవికి ఎవరూ విలువ కట్టరు, అది నాకు బాధ.

పెదనందిపాడు చేరేసరికి పొద్దు వాలింది. 1921–22లో ఈ ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో తెల్లదొరలకి శిస్తు కట్టేది లేదని భీష్మించారు. జప్తులకి బెదరలేదు. గాంధీజీ ఆపమన్నాకే ఆపారు. ఏటా విత్తనం నేలలో పెట్టి ఆకాశం వైపు చూసే రైతుకి తెగింపు కొత్తేమీ కాదు.

మాట పంటల మీదకి మళ్లింది. మా వాడు ఒంగోలు దగ్గర రొయ్యల ప్లాంటులో నాణ్యత చూసే ఉద్యోగి. "ఒరే, పొద్దుట్నుంచీ నువ్వు మన నేల, మన కారం అంటున్నావు. ఇందులో మొదట్నుంచీ మనది ఏదిరా?" అన్నాడు. నిజమే. మిరప పోర్చుగీసు ఓడలెక్కి అమెరికా ఖండం నుంచి వచ్చింది. పొగాకూ అక్కడిదే. పత్తి మనకి వేల ఏళ్లనాటిదే గానీ, ఇప్పుడీ చేలల్లో వేసే సంకర రకాల మూలం మెక్సికో వైపుది. వాడి ప్లాంటుకొచ్చే వనామీ రొయ్య కూడా లాటిన్ అమెరికా పసిఫిక్ తీరంలో పుట్టింది. 1990లలో టైగర్ రొయ్యని తెల్లమచ్చ తెగులు ఊడ్చేసింది. 2009లో వనామీ పెంపకానికి అనుమతి వచ్చింది. కొన్నేళ్లకే చెరువులన్నీ దానివైపోయాయి. ఎక్కడెక్కడివో తెచ్చుకుని, గుంటూరు కారమని ఊరి పేరు పెట్టుకునేంతగా సొంతం చేసుకున్నారు ఇక్కడి జనం. ఈ ప్రాంతం మీద నాకున్న ప్రేమలో సగం ఇందుకే.

పర్చూరు దాటి కారంచేడు దారి పట్టాం. ఆ ఊరు వస్తే మా ఇద్దరికీ మాట ఆగిపోతుంది. తాగేనీళ్ల చెరువుని మురికి చేయొద్దని అడిగినందుకు మొదలైన గొడవలో 1985 జూలై 17న ఇక్కడ ఆరుగురు దళితుల్ని చంపారు. ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు చీరాల చేరారు. ఆ పోరాటంలోంచే దళిత మహాసభ పుట్టింది. కడుపునిండా తినడానికి పోతున్నా సరే, ఆ సంగతి తలుచుకోకుండా కారంచేడు దాటడం నాకు చేతకాదు.

చీరాలలో ఆగలేదు. మగ్గాల ఊరు. మునిసిపాలిటీ పన్నులు కట్టేది లేదని 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఊరే ఖాళీ చేసి, రామనగర్ పాకల్లో పదకొండు నెలలు కాపురమున్నారు. దాని గురించి తీరిగ్గా విడిగా రాయాలి.

వాడరేవు. లైట్‌హౌస్ వెలుగుతోంది, ఇసుకలో బోట్లు బోర్లించి ఉన్నాయి. మాకిష్టమైన హోటలు ఒక తాటాకు పాక, నాలుగు బల్లలు, వెనక కట్టెల పొయ్యి. నడిపే అక్క పెనిమిటి వేటకెళ్తాడు.

"అక్కా, ఇవాళ ఏం పడ్డాయి?"

"పండుగప్ప ఉందయ్యా. చందువాలున్నాయి. కానాగంతలు కావాలంటే ఏపి పెడతా."

పండుగప్పని మా ముందుకి తెచ్చి మొప్ప ఎత్తి చూపింది. లోపల నెత్తుటెరుపు. కన్ను గుంటపడకుండా ఉబ్బి ఉంది. మా వాడు వేలితో నొక్కి చూశాడు. వేలు తీయగానే కండ మళ్లీ పైకి లేచింది. తలాడించాడు. ప్లాంటులో రోజంతా చేసే పనే అయినా, ఇక్కడ చేసేటప్పుడు వాడి మొహంలో ఆనందం వేరు.

కత్తిపీట మీద ముక్కలు తెగాయి. రాళ్లుప్పు, పసుపు వేసి రుద్ది కడిగింది. గిన్నెలో నూనె కాగాక ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, ఆపైన కారం, చిక్కటి చింతపండు పులుసు. అది తెర్లాక ముక్కలు ఒక్కొక్కటే జారవిడిచింది. ఆ తర్వాత గరిటె ముట్టలేదు. గుడ్డతో గిన్నె రెండంచులూ పట్టుకుని మెల్లగా తిప్పుతుంది, అంతే. ముక్క చెదరదు.

పులుసు కుదురుకునేలోపు మా వాడు టోక్యో కబుర్లు మొదలుపెట్టాడు. కంపెనీ పని మీద వెళ్లినప్పుడు సుషీ తిన్నాడు. బల్లకవతల నిలబడిన వంటవాడు వెనిగర్ కలిపిన అన్నం చిన్న ముద్ద చేసి, పైన పచ్చి చేప ముక్క అద్ది, ఎదుటివాడి ముందు పెడతాడు. అంత శ్రద్ధగా చేసిన ముద్దని ఆరనివ్వకుండా వెంటనే తినాలి. రొయ్యనైతే ముడుచుకోకుండా పుల్ల గుచ్చి ఉడికించి, పెంకు ఒలిచి, పొట్టవైపు చీల్చి రెక్కల్లా విప్పుతారట. 1980లు, 90లలో మన రొయ్యలకి పెద్ద గిరాకీ జపానే. ఇప్పుడా చోటు అమెరికాది. 2025 ఆగస్టులో అక్కడ సుంకం 50 శాతానికి చేరినప్పుడు చెరువుగట్ల మీద రైతులు పడ్డ కంగారు చెబుతుంటే వాడి గొంతు తగ్గింది.

ఆ సుషీ ఇవాళ పెద్ద హోటళ్ల దాకా ఎక్కింది గానీ, ఇప్పుడు టోక్యో అయిన ఎడోలో 1820ల ప్రాంతంలో వీధి బండ్ల దగ్గర నిలబడి తినేసి పోయేవాళ్లు. హనాయ యోహెయి అనే అతను దానికి పేరు తెచ్చాడంటారు. రేవు ఊళ్లో, పనిలో ఉన్న మనుషుల కోసం పుట్టిన తిండి. ఈ పాకలో కూర్చుని వింటుంటే అది నాకు పరాయి సంగతి అనిపించలేదు. చేప పక్కన అన్నం, అన్నానికి పులుపు. వాళ్లది వెనిగర్, మనది చింతపండు.

అక్క పొయ్యి దగ్గర్నుంచే అంతా విన్నది. "పచ్చిదే తింటారా?" అంది. "అవునక్కా. సముద్రం చేపైతే చాలాచోట్ల ముందు గడ్డకట్టిస్తారు. మైనస్ 20 డిగ్రీల్లో ఏడు రోజులుంచితే లోపలి పురుగు చస్తుంది" అన్నాడు మా వాడు. ఆమె కాసేపు ఆలోచించింది. "పచ్చిది తినాలంటే చేప మంచిదని తెలియాలిగా. అయితే వాళ్లకి చేప తెలుసన్నమాట" అంది. సుషీ గురించి నేను విన్న మాటల్లో ఇంతకన్నా గౌరవమైనది లేదు.

అన్నం పొగలు కక్కుతూ వచ్చింది. మొదటి ముద్దకి పులుపు తగిలింది, మింగాక కారం. సుషీతో పెట్టే వసాబి ఘాటు, మా వాడు చెప్పడం, ముక్కులోకి కొట్టి వెంటనే దిగిపోతుందట. మన కారం నాలుక మీద కూర్చుని ఇంకో ముద్ద అడుగుతుంది. పండుగప్ప ముక్క వేలితో ముట్టుకుంటే పొరలు పొరలుగా విడింది. ఎర్రగా వేగిన కానాగంతల మీద నిమ్మకాయ పిండుకున్నాం. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. రెండోసారి అన్నం వడ్డించేటప్పుడు అక్క అడక్కుండానే తలకాయ ముక్క నా కంచంలో వేసింది.

డబ్బులిస్తూ వేసవి సంగతి అడిగాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో మరబోట్ల వేట ఆపేస్తారు. ప్రభుత్వమిచ్చే భృతి 2025లో 20 వేలయింది. "దాంతో రెండు నెల్లు గడవాలి. వల్లు బాగు చేసుకుంటారు. నేను ఉప్పుచేప పులుసు పెడతా, తినేవాళ్లుంటారు" అంది అక్క.

"మళ్లీ ఎప్పుడు రమ్మంటావక్కా?"

"వేట మొదలైన వారానికి రండి. అప్పుడు రొయ్య బాగా పడుద్ది. మీ ఆవిణ్ణి కూడా తీసుకురా తమ్ముడూ, ఒక్కడివే తిని పోతే ఎట్టా" అంది మా వాడితో. వాడు అక్కడే ఫోన్ తీసి ఇంటికి చేసి, ఫోన్ ఆమె చేతికిచ్చాడు. అప్పటికి పదకొండు దాటింది. ఆ ఇద్దరూ చందువా వేపుడులోకి ఎంత కారం పట్టించాలో తేల్చుకునేదాకా మేం బల్ల మీదే కూర్చున్నాం.