ఇల్లు వెనకే... కడలి పక్కనే!

మన దగ్గర కారవాన్ అనగానే సినిమా హీరోలే గుర్తొస్తారు. షాట్‌కీ షాట్‌కీ మధ్య ఏసీ వేసుకుని సేదతీరే బస్సు అన్నమాట. యూరప్‌లో అలా కాదు. అక్కడ అది మధ్యతరగతి కుటుంబాల సెలవుల ఇల్లు. కారు వెనక కొక్కేనికి తగిలించి లాక్కెళ్లే పెట్టె. లోపల మంచాలు, గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్, ఓ మూలన మరుగుదొడ్డి. ఇంజనుతో సహా అంతా ఒకే బండిగా ఉంటే దాన్ని క్యాంపర్ వ్యాన్ అంటారు. వేసవి వచ్చిందంటే చాలు... జర్మనీ, ఆస్ట్రియా, నెదర్లాండ్స్‌ల నుంచి ఈ ఇళ్లు బారులు తీరి దక్షిణానికి కదులుతాయి. వాటిలో చాలావాటి గమ్యం క్రొయేషియా.

ఎందుకంటే అక్కడి తీర రహదారి అలాంటిది మరి. ఉత్తరాన రియేకా రేవు నుంచి దక్షిణాన డుబ్రోవ్నిక్ కోట దాకా ఆడ్రియాటిక్ సముద్రాన్ని వదలకుండా సాగుతుంది. యుగోస్లావియా రోజుల్లో, 1960లలో పూర్తయింది. ఓ పక్క నిలువెత్తు సున్నపురాతి కొండలు, మరో పక్క అడుగున రాళ్లు కనిపించేంత తేటనీళ్లు, ఆ నీళ్లలో చిన్నాపెద్దా కలిపి వెయ్యికి పైగా దీవులు. అక్కడ బండి కుడివైపు నడపాలి. కాబట్టి ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్తే సముద్రం పక్క వరుసలోనే ప్రయాణం. ఎదురొచ్చే బళ్లను దాటకుండానే పక్కకు ఆపి కళ్లారా చూడొచ్చు. లోయ చూస్తే కళ్లు తిరిగేవాళ్లు మాత్రం ఎడమవైపు కూర్చోవడం మేలు!

మ్యూనిక్ నుంచి రియేకా ఐదారు వందల కిలోమీటర్లు. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు కుటుంబాలకు ఒక పగటి ప్రయాణం. వేసవిలో ఊరి నుంచి అమ్మానాన్నలు కూడా వస్తారాయె. 'ఎక్కడంటే అక్కడ ఆగొచ్చు, వండుకు తినొచ్చు, హోటల్ బెడద లేదు' అనుకుంటూ కారవాన్ అద్దెకు తీసుకోవాలన్న ఆలోచన వస్తుంది. వండుకు తినడం వరకూ నిజమే. ఎక్కడంటే అక్కడ ఆగడం మాత్రం కుదరదు. క్రొయేషియాలో క్యాంపుల బయట రాత్రి బస నిషేధం. సముద్రం ఒడ్డున చక్కటి జాగా దొరికిందని పడుకుంటే పొద్దున్నే పోలీసులు తలుపు తట్టి జరిమానా రాస్తారు. ఈ ప్రయాణంలో ఉన్న స్వేచ్ఛంతా బయల్దేరే ముందు ఇంట్లో కూర్చుని వేసుకునే లెక్కల్లోనే ఉంది.

నాయనమ్మ ఎక్కడ కూర్చుంటుంది?

మొదటి లెక్క ఇదే. బండి కదులుతుండగా వెనక కారవాన్‌లో మనుషులు ఉండకూడదు. పెద్దవాళ్లు హాయిగా పడుకుని వస్తారనుకుంటే పొరపాటు. ఇంటిల్లిపాదీ కారులోనే పట్టాలి, అందరికీ బెల్టుండాలి. క్యాంపర్ వ్యాన్‌లోనూ అంతే. ఆరుగురు పడుకునే మంచాలున్నాయని మురిసిపోతే చాలదు, బెల్టున్న సీట్లెన్నో అడగాలి. నలుగురు కూర్చునే వ్యాన్‌లో ఆరు పడకలుండటం మామూలే.

రెండోది లైసెన్సు. జర్మనీలో నివాసం మొదలైన ఆర్నెల్ల తర్వాత భారతీయ లైసెన్సు అక్కడ చెల్లదు. స్థానిక లైసెన్సు తీసుకోవాల్సిందే. అదీ మామూలు కారుకిచ్చే 'బి' తరగతిదైతే కారు, కారవాన్‌ల అనుమతించిన బరువు కలిపి 3,500 కిలోలు మించకూడదు. కొద్దిపాటి అదనపు శిక్షణ తీసుకుంటే 4,250 కిలోల దాకా లాగొచ్చు. వంద లీటర్ల నీళ్లు నింపితే వంద కిలోలు పెరిగినట్టే. అందుకే అనుభవజ్ఞులు ట్యాంకును దారిలో కాక క్యాంపుకు చేరాక నింపుకుంటారు. బియ్యం బస్తా, పచ్చడి సీసాల్లాంటి బరువైనవి పై అరల్లో కాకుండా కింద, చక్రాల ఇరుసు దగ్గర సర్దాలి. లేదంటే వేగం పెరిగినప్పుడు వెనక పెట్టె పాము తోకలా ఊగుతుంది.

ఇక వంటిల్లు. క్యాంపుల్లో ఒక్కో బండికి ఇచ్చే కరెంటు కొన్నిచోట్ల ఆరు ఆంపియర్లే. అంటే దాదాపు 1,380 వాట్లు. రైస్ కుక్కర్ నడుస్తుండగా ఎవరైనా టీ కోసం కెటిల్ పెట్టారో... ఫ్యూజు టప్పుమంటుంది. రెంటిలో ఒకటి గ్యాస్ మీదకు మార్చుకోవాలి. ఆ గ్యాస్‌తోనూ ఓ తిరకాసు ఉంది. ఒక దేశం సిలిండర్‌కు మరో దేశం రెగ్యులేటర్ సరిపడకపోవచ్చు. సరిపడా గ్యాస్ ఇంటి నుంచే పట్టుకెళ్లాలి, లేదా అడాప్టర్ కొనుక్కోవాలి.

కొండ మీంచి దూకే గాలి

అన్నీ సరిచూసుకున్నా, చెప్పాపెట్టకుండా వచ్చే చుట్టమొకటి ఉంది. దాని పేరు బుర. వెలెబిట్ పర్వతాల వెనక పేరుకున్న చల్లగాలి ఒక్కసారిగా సముద్రం మీదికి దూకుతుంది. నిలకడగా వీచదు, విసురు విసురుగా కొడుతుంది. చలికాలంలో ఆ విసురు గంటకు 200 కిలోమీటర్లు దాటిన సందర్భాలున్నాయి. సెన్య్ అనే పాత రేవు పట్టణం దీనికి పుట్టిల్లు. బుర సెన్య్‌లో పుట్టి, రియేకాలో పెళ్లాడి, ఇటలీలోని ట్రియెస్ట్‌లో కన్నుమూస్తుందని అక్కడివాళ్ల సామెత.

దీని ప్రతాపం చూడాలంటే ఎదురుగా ఉన్న పాగ్ దీవిని చూస్తే చాలు. కొండల వైపున్న ఒడ్డు మీద చెట్టన్నది లేదు, చంద్రమండలంలా బోడిగా ఉంటుంది. గాలి ఎగజిమ్మే ఉప్పు తుంపరలు గడ్డి మీద పడతాయి. ఆ గడ్డి మేసిన గొర్రెల పాలతో చేసే జున్నుకు ఎక్కడలేని గిరాకీ.

కారవాన్‌కు మాత్రం ఇది ప్రాణాంతకం. పెద్ద గోడలాంటి పక్కభాగం, లోపలంతా ఖాళీ. విసురుకు అమాంతం తిరగబడుతుంది. అందుకే గాలి పెరగ్గానే సెన్య్ పరిసరాల్లోనూ, మస్లెనిట్సా వంతెన దగ్గరా రోడ్డు మూసేస్తారు. ముందు ఆపేసే బళ్లలో మోటారు సైకిళ్లు, కారవాన్లు ఉంటాయి. వేసవిలో బుర తక్కువే కానీ రాదని చెప్పలేం. క్రొయేషియా ఆటో క్లబ్బు ఏ రోడ్డు ఎవరికి మూసిందో ఎప్పటికప్పుడు చెబుతుంటుంది. రోజూ పొద్దున్నే బండి తీసే ముందు అది చూడాలి. అంతకన్నా ముఖ్యం... ప్రణాళికలో ఒకట్రెండు రోజులు ఖాళీగా వదిలెయ్యడం. మర్నాటి క్యాంపుకు డబ్బు కట్టేశామన్న తొందర ఉన్నవాడే గాలికి ఎదురెళ్తాడు. రెండు వారాల సెలవుంటే పన్నెండు రోజులకే పథకం వేసుకోవాలి.

సమయం? జులై, ఆగస్టుల్లో ఎండ మండుతుంది, క్యాంపులు కిటకిటలాడతాయి. జూన్, సెప్టెంబరు నెలలు బాగుంటాయి. బడిపిల్లలున్న ఇళ్లకు ఆ వెసులుబాటు తక్కువ. వాళ్లు నెలల ముందే చోటు ఖాయం చేసుకోవాలి. అన్నట్టు, ఈ తీరంలో ఇసుక తిన్నెలు తక్కువ, గులకరాళ్లే ఎక్కువ. నీళ్లలో ముళ్లబంతుల్లాంటి సీ అర్చిన్లుంటాయి. పిల్లలకు రబ్బరు బూట్లు తప్పనిసరి.

వీసాను మింగే ఇరవై కిలోమీటర్లు

దారిలో జాదర్ వస్తుంది. అలలు తోసే గాలితో సంగీతం పలికే మెట్లున్నాయక్కడ. నికోలా బాషిచ్ అనే ఆర్కిటెక్టు 2005లో కట్టారు. తర్వాత స్ప్లిట్. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ 1,700 ఏళ్ల కిందట కట్టించుకున్న కోటలో ఇప్పటికీ కుటుంబాలు కాపురముంటున్నాయి, బట్టలారేసుకుంటున్నాయి. ఈ పాత ఊళ్ల సందుల్లోకి కారవాన్ పట్టదు. క్యాంపులో వదిలి బస్సెక్కాలి. దీవులకు వెళ్లాలన్నా ముందే చూసుకోవాలి, ఫెర్రీల్లో బండి పొడవును బట్టి టికెట్టు. మకార్స్కా దాటేదాకా 1,762 మీటర్ల బియోకొవో పర్వతం నెత్తిమీదే ఉన్నట్టుంటుంది.

అసలు చిక్కు ఆ తర్వాతే. క్రొయేషియా తీరాన్ని నెయుమ్ దగ్గర బోస్నియా రెండుగా తెగ్గొట్టింది. వెనిస్ నుంచి రక్షణగా మధ్యలో అడ్డుండాలని డుబ్రోవ్నిక్ పాలకులు 1699లో ఆ ముక్కను టర్కీ సుల్తానుకు వదిలేశారు. ఇరవై కిలోమీటర్లంత తీరం, మూడు శతాబ్దాల తర్వాత కూడా ప్రయాణికులను ఇబ్బంది పెడుతోంది. 2023 జనవరి 1 నుంచి క్రొయేషియా షెంగెన్‌లో ఉంది, బోస్నియా లేదు. ఒక్కసారి ప్రవేశానికే వీసా ఉన్న అమ్మానాన్నలు అటు దాటితే మళ్లీ ఇటు రాలేరు! మోస్తార్ వంతెన, కోటోర్ అఖాతం కూడా వాళ్లకు అంతే.

అదృష్టవశాత్తూ 2022 జులైలో పెల్యెషాట్స్ వంతెన తెరిచారు. పొడవు 2,404 మీటర్లు. బోస్నియా గడ్డ తొక్కకుండా సముద్రం మీదుగా డుబ్రోవ్నిక్ చేరిపోవచ్చు. ఫోన్‌లోని మ్యాప్ ఒక్కోసారి పాత నెయుమ్ దారినే చూపొచ్చు, బయల్దేరే ముందే వంతెన దారిని ఖాయం చేసుకోవాలి.

వంతెన దిగి కాస్త ముందుకెళ్తే స్టోన్ అనే చిన్న ఊరు. కొండ చుట్టూ ఐదున్నర కిలోమీటర్ల రాతి గోడ. దాని కింద మన నౌపడలో కనిపించేలాంటి ఉప్పుమడులు. ఆ ఉప్పు కోసమే అంత గోడ కట్టారు. డుబ్రోవ్నిక్ ఇక గంట దూరమే కానీ చాలామంది ఓ పూట ఇక్కడే ఆగిపోతారు. తిరుగు ప్రయాణంలో తీరం వదిలి లోపలి ఎక్స్‌ప్రెస్ రహదారి ఎక్కితే వెలెబిట్ కొండను తొలిచిన ఐదున్నర కిలోమీటర్లకు పైబడిన సొరంగం వస్తుంది. ఇటు ఎండ, అటు చివర మబ్బూ చలీ. ఆ రోజు బుర ఉంటే మాత్రం సొరంగానికి ముందే బండి ఆపేస్తారు. అందుకే కదా... ఆ రెండు రోజులు మిగుల్చుకున్నది!