కర్రకింత, రంగుకింత...

సొంతంగా ఏదో వ్యాపారం పెట్టుకుంటానని ఒక్కసారి పైకి అని చూడండి. అంతవరకు క్షేమసమాచారమైనా అడగని వాళ్లు సైతం వచ్చి కూర్చుని సలహాలు మొదలుపెడతారు. పిల్ల పెళ్లికీ, ఇల్లు కట్టడానికీ, సొంత వ్యాపారానికీ మనలో సలహాలకు ఎన్నడూ కరువు లేదు. చిత్రమేమంటే, చెప్పేవాళ్లలో చాలామంది మా వంటి నెలజీతగాళ్లే. ఒకటో తారీఖున డబ్బు చేతికొచ్చే మనిషికి, రాని మనిషి సంగతి ఏం తెలుస్తుంది చెప్పండి!

2024 వేసవిలో నా పాత విద్యార్థిని ఒకతె ఇదే పని మీద నా దగ్గరకు వచ్చింది. ఊరు కొండపల్లి. తండ్రి బొమ్మలు చెక్కుతాడు, తల్లి రంగులు వేస్తుంది. ఈ అమ్మాయి బెజవాడలో ఒక బట్టల కొట్టులో లెక్కలు రాస్తోంది. చేసిన బొమ్మలన్నీ అయినకాడికి కొట్టువాళ్లకు ఇచ్చెయ్యకుండా, ఉద్యోగం మాని తానే కూర్చుని అమ్మితే ఎలా ఉంటుందని ఆలోచన. ప్రబంధాలు చెప్పుకునే దాన్ని, నేనేం చెబుతాను? "పద, తెలిసినవాళ్లనే అడుగుదాం" అన్నాను.

అప్పటికే ఆమెకు మూడు సలహాలు ముట్టాయి. ఉద్యోగం మానొద్దని మేనమామ. పెద్ద అప్పే తీసుకో, చిన్నదెందుకని కొట్టులో తోటివాడు. ఐ.ఎస్.ఐ. ముద్ర లేని బొమ్మ అమ్మితే కేసు పెడతారని ఎదురింటాయన. ఈ మూడోది పూర్తిగా అబద్ధమూ కాదు. బొమ్మలకు ఆ ముద్ర ఉండాలన్న నియమం 2021 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన మాట నిజమే. అయితే హస్తకళల అభివృద్ధి కమిషనరు వద్ద పేరు నమోదయిన పనివాళ్లు చేసి అమ్ముకునే బొమ్మలకు మినహాయింపు ఉంది. ఎదురింటాయన సగం దాకా చదివి ఆపేసి ఉంటాడు.

మొదట జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లాం. ఇటువంటి కేంద్రాలు దేశంలో 1978 నుంచి ఉన్నా, గుమ్మం తొక్కడానికి మనవాళ్లకు ఏదో బెరుకు. అక్కడ ఒక ఉద్యోగి ఓపికగా విశ్వకర్మ పథకం గురించి చెప్పాడు. 2023 సెప్టెంబరు 17న మొదలైంది. పద్ధెనిమిది వృత్తుల్లో బొమ్మల పనీ ఒకటి. శిక్షణలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000, ఆపైన ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీరిస్తే మరో రెండు లక్షలు. "కాని ఇంట్లో ఒక్కరికే సుమండీ. భార్యాభర్తలూ, పెళ్లికాని పిల్లలూ ఒక కుటుంబం కింద లెక్క. పైగా చేత్తో ఆ పని చేస్తున్న వాళ్లయి ఉండాలి" అన్నాడు.

అంటే అప్పు తండ్రి పేరున, వ్యాపారం కూతురి తల మీద. బస్సులో పిల్ల నోరు మెదపలేదు.

ఆ సాయంత్రం బొమ్మల కాలనీలో, వరసకు పెద్దమ్మ అయ్యే ఒక ముసలావిడ ఇంటికి తీసుకువెళ్లింది. ఆవిడ సలహా ఏమీ చెప్పలేదు. "లెక్క ఏదీ, చదువు" అంది. దశావతారాల జతకు పొణికి కర్రకింత, రంగులకింత, పెట్టెకింత, బస్సుకింత అని అమ్మాయి గడగడా చదివింది.

"మరి మీ అమ్మకెంత?"

"ఇంట్లో పనే కదా పెద్దమ్మా, దానికి కూలేమిటి?"

"అదేనే మన కొంపలు ముంచింది" అంటూ ఆవిడ వేళ్ల మీద మొదలుపెట్టింది. కర్ర ఆరబెట్టింది ఎన్నాళ్లు? చేతులూ కాళ్లూ విడిగా చెక్కి మక్కుతో అతికింది ఎన్ని పూటలు? (మక్కంటే చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన ముద్ద. దాని వాసన ఆ వీధికంతకూ ఉంటుంది.) సుద్ద పూసింది, అది ఆరాక రంగులు వేసింది, కళ్లు దిద్దింది? తాపీపని దగ్గర ఇటుకలందించే మనిషి కూలి లెక్కన కట్టినా, కొట్టువాడిచ్చే ధర ఆ కూలికే చాలడం లేదు. ఇంక కర్రా రంగూ ఎవరు పెట్టుకుంటున్నట్టు?

అమ్మాయి ముఖం పాలిపోయింది. "ఇంత ధరకు ఎవరు కొంటారు?" అంది.

"అందరూ కొనరు. కొనేవాళ్లను వెతుక్కో. అందాకా కొట్టు ఉద్యోగం మానకు. అప్పు వాయిదా నెలనెలా వస్తుంది. మన అమ్మకాలు దసరాకీ సంక్రాంతికీ వస్తాయి."

మానొద్దన్న మాట మేనమామదే. కాని ఆయన భయంతో అన్నాడు, ఈవిడ లెక్కతో అంది. నాకు ఆ తేడా చాలా పెద్దదనిపించింది.

పథకంలో తండ్రి పేరే రాయించారు. ఇవ్వడానికి అధికారమున్నా, మొదటి లక్ష అంతా తీసుకోలేదు. ముందు కొట్టువాడి దగ్గర తెచ్చిన అడ్వాన్సు తీర్చేశారు. అమ్మాయి ఇప్పటికీ వారంలో నాలుగు రోజులు బట్టల లెక్కలే రాస్తోంది. తక్కిన మూడు రోజులూ తమ బొమ్మలు అమ్ముతోంది.

తల్లి చదువుకోలేదు. అంచేత రంగుల ముందు కూర్చున్న ప్రతి పూటకూ గోడ మీద బొగ్గుతో ఒక గీత గీయమన్నదట కూతురు. పది రోజులయ్యేసరికి ఆ గీతల వరుస చూసి తండ్రి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత ఉలి పక్కనపెట్టి, "నాకూ ఒక వరస మొదలెట్టవే" అన్నాడట.